వజ్రమ్మ జాగలో టవరు

అలియాబాద్ చుట్టుపక్కల అందరూ భూములు అమ్ముకుంటున్న రోజుల్లో గౌరయ్య అమ్మలేదు. అది అతని గొప్పతనమేమీ కాదు. అమ్మేద్దామని అతనికి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అనిపిస్తూనే ఉండేది. తల్లి వజ్రమ్మ అమ్మనివ్వలేదు, అంతే.

కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది ఆ రెండెకరాల చెల్క. జొన్న, కంది తప్ప ఇంకోటి పండని ఎర్రనేల. నడుమ ఒక మిట్ట, ఆ మిట్ట మీద గౌరయ్య నాయిన బాలనర్సయ్య సమాధి. ఆ ఇంట్లో పోయినవాళ్ళను కాల్చరు. సొంత చెల్కలోనే పూడుస్తారు. మొగుడు ముందు పోతే అతని ఎడమ పక్కన పెళ్ళాం కోసం జాగ వదిలిపెట్టి, తల వచ్చే చోట ఒక రాయి పాతుతారు. తొంభై ఆరులో బాలనర్సయ్య పోయినప్పుడు ఆ రాయిని వజ్రమ్మే ఏరుకుంది. ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఆవిడ కొంగు నడుముకు చుట్టి, వాగులోంచి నల్లటి రాయిని ఎత్తుకొచ్చి, ఇక్కడ పాతండి అని చూపించింది.

"ఊళ్ళె ఉన్నది నీ ఇల్లు రా కొడుకా. నా ఇల్లు గిది" అంది గౌరయ్యతో.

అది ఉత్తమాట కాదు. రెండు మూడు రోజులకోసారి చెల్కకు పోయి, సమాధి చుట్టూ గడ్డి పీకి, తన జాగ మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. పెనిమిటికి ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది. కోడలు మనోరమ పులుసులో ఉప్పెక్కువేసిన సంగతి కూడా అందులో ఉండేది. బతికున్నప్పుడు ఆయన ఆమె మాట పది నిమిషాలు కుదురుగా విన్న పాపాన పోలేదు. ఇప్పుడు వినక చస్తాడా అని మనోరమ చాటున నవ్వుకునేది.

గౌరయ్యకు చెల్క ఉన్నా సేద్యం మీద మనసు లేదు. తొంభై నాలుగులో అలియాబాద్ చౌరస్తాలో ఎస్టీడీ బూతు పెట్టాడు. ఆ చుట్టుపక్కల అదే మొదటిది. దుబాయి పోయిన కొడుకుతో మాట్లాడాలన్నా, బొంబాయిలో మిల్లుకు పోయిన మొగుడు బతికున్నాడో లేదో తెలుసుకోవాలన్నా గౌరయ్య దగ్గరికే రావాలి. నంబరు తనే కలిపి, అవతల గంట మోగితే రిసీవరు చేతికిచ్చి, తలుపు వేసి బయట నిలబడేవాడు. లోపలివాళ్ళు ఏడుస్తూ బయటికొస్తే బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చేవాడు. బిల్లు అడగడానికి నోరొచ్చేది కాదు. ఊరు అతన్ని ఫోన్ గౌరయ్య అంది. ఆ పేరు అతనికి మస్తు ఇష్టం. చుట్టాల పెళ్ళి పత్రికల మీద కూడా అలాగే రాయించుకునేవాడు.

ఇక సెల్లులొచ్చాయి. మొదట ప్లాట్ల బేరగాళ్ళ నడుముకు వేలాడాయి, తర్వాత పాలవాడి జేబులోకి, ఆ తర్వాత గొర్రెలకాపరి తలపాగాలోకి చేరాయి. రెండువేల ఆరు నాటికి గౌరయ్య బూతులో ఈగలు తోలుకుంటున్నాడు. దుబాయి కొడుకులు ఇప్పుడు నేరుగా తల్లుల కొంగు ముడిలోకే ఫోన్లు చేస్తున్నారు. బూతు ముందు నుంచి మాట్లాడుకుంటూ పోయేవాళ్ళు గౌరయ్యను చూసి తల ఊపి, మాట ఆపకుండా నడిచిపోయేవారు. ఆ తల ఊపడం అతనికి చెప్పుతో కొట్టినట్టుండేది.

ఇటు ఊరేమో మారిపోతోంది. అవుటర్ రింగ్ రోడ్డు వస్తోందనేసరికి బీడు భూములకు కూడా రెక్కలొచ్చాయి. నిన్నటిదాకా బూతులో అరువు పెట్టినవాళ్ళు స్కార్పియోల్లో తిరుగుతున్నారు. అమ్మని గౌరయ్యను చూసి, పాపం తల్లిచాటు బిడ్డ అని జాలిపడుతున్నారు. నలభై అయిదేళ్ళ వయసులో ఆ మాట పడడమెంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది.

అలాంటి సమయంలో ఎల్లేష్ వచ్చాడు. పక్క వీధివాడే, గౌరయ్యకన్నా పదిహేనేళ్ళు చిన్న. ప్లాట్ల బేరాల్లో నలిగి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చాడు. అరచేతిలో వైకుంఠం చూపించగలడు, పైగా ఆ వైకుంఠాన్ని తనే ముందు నమ్ముతాడు. అదే అతనిలో ప్రమాదం.

"గౌరన్నా, అమ్మకుండనే పైకొచ్చే తొవ్వ దొరికింది" అన్నాడు బూతు బెంచీ మీద చతికిలబడి. "ఓర్లాసెల్ అని తెల్లోళ్ళ కంపెనీ. పదిహేను దేశాలల్ల ఉన్నరు. ఇగ మన దేశం మీద వడ్డరు. నీ మిట్ట వాళ్ళకు కావాలె."

మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఆ కంపెనీ మీటింగు పెట్టింది. గౌరయ్య పెళ్ళినాటి సఫారీ వేసుకుని పోయాడు. గోడ మీద ప్రపంచ పటం వేసి చూపించారు. కంపెనీ పోయిన దేశాలన్నిటికీ నారింజ రంగు వేసి ఉంది. టై కట్టుకున్న ఒక కుర్రవాడు కర్రతో ఒక్కో దేశాన్నీ తాకుతూ చెప్పుకొచ్చాడు. పట్నాలు నిండిపోయాయి, ఇక లాభమంతా పల్లెల్లోనే ఉంది, ఒక దేశంలో టవర్లు వేసి, దాన్ని చూపించి అప్పు తెచ్చి ఇంకో దేశంలో వేస్తాం, ఎక్కడా ఆగం, ఇదే మా వ్యూహం అన్నాడు. హాల్లో ఉన్న రైతులకు అప్పు తెచ్చి ఇంకో బోరు వేయడమంటే ఏమిటో బాగా తెలుసు. కానీ తెల్లదొర బోరు వేరు, మన బోరు వేరు అనుకున్నారు.

కంపెనీ ఊరివాళ్ళను భాగస్వాములుగా తీసుకుంటుందట. జాగ ఇచ్చి, పునాది ఖర్చులో సగం పెట్టుకుంటే, ఆ టవరు మీదుగా పోయే ప్రతి మాటకూ వాటా ఇస్తారట. అద్దె కాదు, వాటా. చివర్లో ఒక తెల్లాయన లేచి నమస్కారం పెట్టాడు. ఇక్కడ ఎవరికైనా టెలిఫోన్ పని తెలుసా అని అడిగించాడు. ఎల్లేష్ గౌరయ్య చేయి పట్టి పైకి లేపాడు. తెల్లాయన దిగివచ్చి గౌరయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మీలాంటివాళ్ళ కోసమే వచ్చాం అన్నాడని టై కుర్రవాడు తెలుగులో చెప్పాడు.

ఏడాదిగా తల ఊపి పోయేవాళ్ళనే చూసిన మనిషి గౌరయ్య. ఆ చేతుల వెచ్చదనానికి అతని బుద్ధి అక్కడికక్కడే కరిగిపోయింది. ఇంటికి వస్తూ దారంతా ఒకటే లెక్క వేసుకున్నాడు. జొన్నకు వాన కావాలి, కందికి మంచు పడకూడదు. మాటకు ఏ కరువూ లేదు. మనుషులు తిండి లేకున్నా మాట్లాడతారు. ఇది పన్నెండేళ్ళు బూతులో కూర్చుని కళ్ళారా చూశాడు.

"కాయిదంల ఏం రాసిన్రు తమ్మీ? అంతా ఇంగ్లీషులనే ఉన్నది" అని ఎల్లేష్‌ను ఒక్కటే అడిగాడు.

"గిదాన్ని ఇన్వెస్టుమెంట్ అంటరన్నా." ఎల్లేష్ కాసేపు తల గోక్కున్నాడు. "నీకు తెలిసేటట్టు జెప్పాల్నంటే, పాలుకిచ్చినట్టే."

ఆ ఒక్కమాటతో గౌరయ్య అనుమానాలన్నీ తీరిపోయాయి. ఆ ప్రాంతంలో భూమిని పాలుకివ్వడం తాతల నాటి పద్ధతి. భూమి ఒకడిది, చాకిరీ ఒకడిది. ఎరువు సగం సగం, పంట సగం సగం. పాలుకు తీసుకున్నవాడు చేతకాక వదిలేసిపోతే నాగలి ఎత్తుకుని పోతాడు, భూమి మాత్రం ఆసామి కాళ్ళ దగ్గరే ఉంటుంది. దానికి కాయితం ఉండదు, కోర్టు ఉండదు. కళ్ళంలో నిలబడి చెప్పుకున్న మాటే ఉంటుంది. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన కంపెనీ కూడా అలియాబాద్ కళ్ళం కట్టుబాటుకే లోబడి ఉంటుందని గౌరయ్య నమ్మాడు. చదువుకున్నవాడికైతే ఇంత నమ్మకం కలిగేది కాదు. గౌరయ్యకు తన ఊరి పద్ధతి మీద అంత గురి.

ఇక తల్లిని ఒప్పించాలి.

"ఎవనికిస్తున్నవ్ రా?" వజ్రమ్మ చేటలో కందులు చెరుగుతూ అడిగింది.

"అమ్ముతలేనే అమ్మా. పాలుకిస్తున్న. గా మిట్ట ఒక్కటే."

"మీ నాయిన ఉన్నడు గాడ."

"నాయిన జోలికి ఎవ్వడు రాడు. టవరు అవుతలికి ఏస్తరు. సుట్టూ ఇనుప జాలి కడ్తరు, మేకలు గూడ రావు. ఇంకా భద్రం."

"నా జాగ?"

"నీ జాగ యాడికి వోతదే? రాయి ఉన్నది గద."

వజ్రమ్మ చేట పక్కన పెట్టి కొడుకు మొహంలోకి చూసింది. "కంపెనోడు వోతే?"

"వోతే ఇడిసిపెట్టి వోతడు. పాలుకు జేసెటోడు భూమి నెత్తిన వెట్టుకోని వోతడా?"

ఆ మాట ఆవిడకూ సబబుగానే తోచింది. ఆవిడకు తెలిసిన లోకంలోనూ అలాగే జరుగుతుంది. "మీ నాయినకు జెప్పి ఇయ్యి" అంది. గౌరయ్య మర్నాడు సమాధి దగ్గర కొబ్బరికాయ కొట్టి చెప్పాడు. బర్రెలు రెండూ, బూతూ అమ్మేసి పునాదిలో తన సగం కట్టాడు. బూతు తాళాలు ఇచ్చేసిన రోజున మాత్రం చౌరస్తాలో అటు తిరిగి నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

పునాదులు తవ్వుతున్నన్నాళ్ళూ గౌరయ్య అక్కడే ఉన్నాడు. నాయిన సమాధి చుట్టూ, తల్లి రాయి చుట్టూ ముళ్ళకంప నాటాడు. ఇటు రావద్దని పనివాళ్ళకు పదిసార్లు చెప్పాడు. వాళ్ళు బీహారువాళ్ళు, అతను చెప్పినప్పుడల్లా అచ్ఛా అన్నారు. తర్వాత ఒకరోజు మేడ్చల్‌లో సంతకాలున్నాయని ఎల్లేష్ తీసుకుపోయాడు. అక్కడ భాగస్వాములకు భోజనాలు పెట్టి, నారింజ రంగు టోపీలు పంచారు. గౌరయ్య టోపీ పెట్టుకుని పొద్దు వాలేవేళకు చెల్కకు చేరాడు.

ముళ్ళకంప పక్కకు లాగేసి ఉంది. నాయిన సమాధి ఉన్నది ఉన్నట్టే ఉంది. దానికి ఎడమ పక్కన, సమాధిని ఆనుకుని, మంచం రెండింతలంత సిమెంటు గద్దె పోసి ఉంది. ఇంకా తడి ఆరలేదు. నల్లరాయి కనపడలేదు.

"జెనరేటరు పెట్టడానికి" అన్నాడు మేస్త్రీ. అనుకున్న చోట బండ తగిలిందట, ఇంజినీరు వచ్చి ఇటు జరపమన్నాడట. రాయి ఏదని అడిగితే, అలాంటి రాళ్ళు చాలా ఉంటే పునాదిలో వేసేశామన్నాడు.

సిమెంటు పచ్చిగానే ఉంది. పార పక్కనే మట్టికుప్పకు ఆనించి ఉంది. ఆ గంటలో గౌరయ్య పార అందుకుని ఉంటే ఆ గద్దెనంతా ఎత్తి అవతల పోయగలిగేవాడు. ఇనుప చువ్వలు పీకి, తల్లి జాగను తల్లికి దక్కించేవాడు. పార దగ్గరికి పోయాడు కూడా. మేస్త్రీ అతన్ని వారించలేదు. "రేపు ఇంజినీరు సాబ్ చూడ్డానికొస్తాడు. ఇది లేకపోతే సైటు పాస్ కాదు. మీ ఇష్టం" అన్నాడంతే.

బర్రెలు పోయాయి, బూతు పోయింది. సైటు పాస్ కాకపోతే వాటా లేదు. గౌరయ్య పార మీద చేయి వేసి, తీసి, మళ్ళీ వేసి, ఏడుపు ఆపుకోలేక అక్కడే కూలబడ్డాడు. లేచేసరికి సిమెంటు పైపొర గట్టిపడింది. నెత్తి మీద టోపీ ఉందన్న సంగతి ఇంటి దగ్గర మనోరమ తీసేదాకా అతనికి గుర్తే లేదు.

ఆ రాత్రి మనోరమకు చెప్పాడు. తల్లికి చెప్పలేదు. వాటా సొమ్ము రానీ, కంపెనీవాళ్ళ కాళ్ళు పట్టుకుని జెనరేటరును ఇంకో చోటికి మార్పించి, గద్దె పగలగొట్టించి, అప్పుడు చెబుదామనుకున్నాడు.

"జాలి ఏసిన్రు, తాళం ఏసిన్రు. ఇగ లోపలికి పోనియ్యరంట అమ్మా" అని మాత్రం చెప్పాడు. వజ్రమ్మ "గట్లనా" అంది. ఆ తర్వాత చెల్కకు పోతానని ఒక్కసారి కూడా అనలేదు. గండం గడిచిందని గౌరయ్య అనుకున్నాడు. తల్లి అరుగు మీద మౌనంగా కూర్చుంటే, వయసు మీద పడింది కదా అనుకున్నాడు. మనిషి తప్పు చేశాక తనకు అనుకూలమైనవన్నీ భలే నమ్ముతాడు.

టవరు లేచింది. ఊరంతా వచ్చి తల ఎత్తి చూసి మెడలు నొప్పి పుట్టించుకుంది. లింగస్వామి అనే అతన్ని కాపలా పెట్టారు. ఇక జెనరేటరు దింపి, కరెంటు కలిపి, డబ్బాలు బిగించి, సిగ్నలు వదలడమే మిగిలింది. గౌరయ్య రోజూ పోయి జాలి బయట నిలబడి, ఇయ్యాల వదులుతరా అని లింగస్వామిని అడిగేవాడు. రెండు వానాకాలాలు, రెండు చలికాలాలు వచ్చిపోయాయి, రెండో ఏటి ఎండలూ ముదిరాయి. ఎవరూ రాలేదు. ఒకరోజు లింగస్వామే ఎదురు అడిగాడు.

"గౌరన్నా, నాకు జీతమియ్యక మూడు నెలలైంది. ఎవలనన్న అడుగుతవా?"

ఎల్లేష్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. గౌరయ్య బస్సెక్కి బేగంపేటలో కంపెనీ ఆఫీసుకు పోయాడు. అద్దాల మేడ, నాలుగో అంతస్తు. పైకి పోతే కుర్చీలు కిందికి మోస్తున్నారు. టై కుర్రవాడు టై లేకుండా ఒక అట్టపెట్టె ముందు కూర్చుని తన సామాను సర్దుకుంటున్నాడు. గౌరయ్యను గుర్తుపట్టాడు, పాపం. లేచి నిలబడ్డాడు.

"కంపెనీ వెళ్ళిపోతోందండీ. ప్రపంచంలో ఎక్కడా అప్పు పుట్టడం లేదు. చివర వచ్చిన దేశాల్లోంచి ముందు బయటపడాలని పైవాళ్ళు నిర్ణయించారు."

"సరే, వోనియ్యి సారూ" అన్నాడు గౌరయ్య. నిజానికి అతనికి అప్పుడే ఒక చిన్న ఆశ మొలిచింది. "పైసలు వోతే వోయినయి. నా మిట్ట నాకు ఇడిసిపెట్టున్రి. తాళంచెవి ఇయ్యిన్రి సాలు."

కుర్రవాడు తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళ హక్కు మీరే రాసిచ్చారండీ అన్నాడు. టవర్లన్నీ కలిపి ఎవరికో అమ్మేస్తారు, కొన్నవాళ్ళది ఆ జాగ. ఎవరు కొంటారో, ఎప్పుడు కొంటారో తనకూ తెలియదు. అప్పటిదాకా అందులో ఏది కదిపినా కేసవుతుంది.

"పాలుకిచ్చిన గద సారూ!" అని గౌరయ్య అరిచాడు. కుర్చీలు మోసేవాళ్ళు ఆగి చూశారు. ఆ మాటకు అర్థం ఆ అంతస్తులో ఏ ఒక్కరికీ తెలియలేదు.

అప్పటి నుంచి అతని తిరుగుడు కుక్క తిరుగుడైంది. ఎల్లేష్‌ను గండిమైసమ్మ దగ్గర ఒక ప్లాట్ల ఆఫీసులో పట్టుకుని కాలరు పట్టుకున్నాడు. ఎల్లేష్ కాలరు విడిపించుకోలేదు. "కొట్టన్నా, కొట్టు. మా మామ భూమి గూడ అండ్లనే వెట్టిన" అని అతనే ఏడ్చాడు. కొట్టడానికి ఎత్తిన చేతితో గౌరయ్య అతని కన్నీళ్ళు తుడవాల్సి వచ్చింది. మేడ్చల్‌లో ఒక వకీలు కాయితాలు తిరగేసి, పెదవి విరిచి, కొత్త ఓనరు వచ్చేదాకా ఆగమన్నాడు. ఆగడానికి గౌరయ్యకు అభ్యంతరం లేదు. వజ్రమ్మ ఒంటికే తీరిక లేకపోయింది.

ఆ ఏటి వానాకాలంలో ఆవిడ మంచం పట్టింది. మొదట జ్వరమన్నారు, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, చివరికి శామీర్‌పేట డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. గౌరయ్య మంచం పక్కనే కూర్చున్నాడు. ఇక చెప్పక తప్పదు, చెప్పే నోరు లేదు. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపాడు. మూడోనాడు తెల్లవారగానే వజ్రమ్మే పిలిచింది.

"కొడుకా, నన్ను మీ నాయిన పక్కకు ఎట్ల వెట్టాల్నని పరేషాన్ గాకు. గాడ జాగ లేదు."

ఈమె చెప్పిందా అన్నట్టు గౌరయ్య మనోరమ వైపు చూశాడు.

"నాకెర్కే. సిమెంటు వోసిన నాడే జూసిన. నువ్వు మేడ్చల్ వోయినవని సద్ది వట్టుకోని వోయిన, ఆ పనోళ్ళకు ఇద్దామని. వోస్తనే ఉన్నరు."

"మరి అప్పుడే ఎందుకు జెప్పకపోతివే అమ్మా?"

"నువ్వు జెప్తవేమో అని జూసిన."

రెండేళ్ళు చూసింది. అరుగు మీద కూర్చుని రెండేళ్ళపాటు కొడుకు నోటి వైపు చూసింది. గౌరయ్య మంచం పట్టెకు తల కొట్టుకున్నాడు. వజ్రమ్మ చెయ్యి ఎత్తబోయి ఎత్తలేక, వేళ్ళు మాత్రం అతని జుట్టుకు ఆనించింది.

"జాలి బయట గూడ వెట్టకు. మీ నాయినను అవుతలికెల్లి సూసుకుంట పండుడు నాతోని గాదు. రేపు టవరు ఇంకొకడు కొంటడు, వాడచ్చి నా మీద ఇంకేమన్న వోస్తడు. నన్ను కాల్చు. బూడిదైతే ఎవ్వడు ఏం వొయ్యలేడు."

"కాల్చుడా? మనింట్ల ఎవలను కాల్చినమే?"

"నాతోని షురూ."

గౌరయ్య ఆ మాట వినలేకపోయాడు. లేచి, మూలనున్న గడ్డపార అందుకుని పరుగెత్తాడు. మనోరమ వెనకాలే గుమ్మందాకా వచ్చి పిలిచినా ఆగలేదు. చెల్కకు పోయి జాలి తాళం మీద నాలుగు దెబ్బలు వేస్తే ఊడింది. లింగస్వామి జీతం లేకపోయినా ఇంకా అక్కడే ఉన్నాడు. అతను అడ్డు రాలేదు సరికదా, సమ్మెట తెచ్చాడు. ఇద్దరూ గద్దె మీద పడ్డారు. కేసంటే కేసే, జైలంటే జైలే. తల్లి ఊపిరి ఉండగానే జాగ ఖాళీ చేసి, ఆవిడను రెండు చేతులతో ఎత్తుకొచ్చి చూపిస్తానన్న మొండితనం అతన్ని పట్టుకుంది. తెల్లదొరలు ఏం చేసినా గట్టిగా చేస్తారని మీటింగులో మురిసిపోయాడు కదా. ఆ గట్టితనం ఇప్పుడు చేతికి తెలిసింది. దెబ్బకు గోరంత ముక్క లేస్తోంది. దాని కింద ఇనుము, ఇనుము కింద మళ్ళీ సిమెంటు. అరచేతులు చీలి గడ్డపార జారిపోతుంటే తువ్వాల చుట్టుకుని కొట్టాడు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి ఒక మూల మాత్రం, చంటిపిల్లను పెట్టేంత మేర, పగిలింది.

అప్పుడే మనోరమ చెల్కగట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. దూరంగానే ఆగిపోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

తల్లి చివరి ఊపిరి తీస్తుంటే గౌరయ్య పక్కన లేడు. సిమెంటు కొడుతున్నాడు.

దాయాదులైన పాలోళ్ళంతా వచ్చారు. పొద్దుగూకేలోపు మట్టి చేయాలన్నారు. నలుగురు కుర్రాళ్ళను పంపితే గద్దె వైపు చూసి, మిషను లేనిదే ఇది కాదని తిరిగొచ్చారు. జాలి బయట బాలనర్సయ్య కాళ్ళవైపు గుంత తవ్వుదామని పెద్దమనుషులు తేల్చారు. అందరూ అదే సబబన్నారు. ఒక ముసలాయన గడ్డపార కోసం చేయి చాచాడు కూడా.

"తవ్వకున్రి" అన్నాడు గౌరయ్య. "కాలుస్త."

పీనుగ దగ్గర ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఏడుపు ఆపారు. మేనత్త ఒకావిడ లేచొచ్చి అతని చెంప ఛెళ్ళుమనిపించింది. పట్నం గాలి సోకిందా, జాగ అమ్ముకున్నది చాలక తల్లిని తగలేస్తావా అంది. అమ్మే కాల్చమంది అని అతను చెప్పలేదు. చెబితే, ఎందుకంది అని అడుగుతారు. గద్దె పోసిన నాడు పార మీద చేయి వేసి తీసేసిన సంగతి, రెండేళ్ళు నోరు మూసుకున్న సంగతి, ఆవిడ ఎదురు చూసిన సంగతి అన్నీ చెప్పాలి. అంతకన్నా తల్లిని కాల్చినవాడన్న పేరే అతనికి తేలికనిపించింది. మనోరమ చెప్పబోతే కళ్ళతోనే ఆపాడు.

శామీర్‌పేట చెరువు అవతల శ్మశానంలో కట్టెలు పేర్చారు. ఆ ఇంటివాళ్ళెవరికీ చితి పద్ధతి తెలియదు. తల ఎటు పెట్టాలో, నిప్పు ఎక్కడ పెట్టాలో కాటికాపరిని అడిగి అడిగి చేశాడు గౌరయ్య. చీలిన అరచేతులతో కొరివి పట్టుకుంటే చేతులు మండుతున్నాయో, తల్లి మండుతోందో అతనికి తెలియలేదు. నోరారా అమ్మా అని ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు, ఇప్పుడేడిస్తే ఏం లాభం అనుకున్నారు. ఆ మాట అతనికి వినబడింది, అది నిజమే అనిపించింది.

ఆ తర్వాత పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు వాళ్ళను పెట్టిన చోటే విస్తరి వేసి, వాళ్ళకిష్టమైనవి వడ్డించి, పేరు పెట్టి పిలవాలి. మనోరమ పొద్దున్నే లేచి గారెలు, తునకల కూర, బెల్లం పరమాన్నం చేసి రెండు విస్తర్లు కట్టింది. టవరు జాగను అప్పటికి ఇంకో కంపెనీ కొన్నది, కొత్త తాళం వేసింది. మొగుడూపెళ్ళాలు జాలి దగ్గరికి పోయారు. గౌరయ్య ఒక విస్తరిని జాలి కిందనుంచి లోపలికి జరిపి, "నాయినా, బాలనర్సయ్యా, తిను" అని పిలిచాడు.

రెండో విస్తరి చేతుల్లోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సిమెంటు గద్దె కింద ఆవిడ లేదు. చెరువు అవతల ఉన్నది ఊరందరి బూడిద. ఇల్లు తనది కాదని ఆవిడే చెప్పింది. కూర చల్లారిపోతోంది.

"పెట్టు, యాడనో ఒకకాడ" అంది మనోరమ మెల్లగా.

గౌరయ్య అటూ ఇటూ చూశాడు. రెండెకరాల సొంత చెల్కలో నిలబడి, తల్లి విస్తరి పెట్టడానికి జాగ ఎక్కడని ఆ తల్లినే అడిగాడు.